ఆటపెట్టెయు, నకలుబిళ్ళయు



నేటి ప్రసంగవిషయము పేరు వినినంతనే "ఈ యీడున మనకు బాలుర యాటల గొడవ యేల?" యని మీలో కొందఱు తలపవచ్చును. ఆట బాలురదే యైనను దానికి వలయు రూకలు పెద్దలవి. ఇంటిలోనికి ఏ వస్తువు రావలయునో, ఏది రారాదో నిర్ణయించు భారమును పెద్దలదే. అటకమీద పడియున్న పాత ఆటపెట్టెను మనుమడు క్రిందికి దింపి, దుమ్ము దులిపి, "తాతా! దీని బిళ్ళలు గీతలుపడి పాడైనవి. పట్నములో చిప్పు వేయించినచో నకలుబిళ్ళలతో ఆడుకొనవచ్చునట. రూక లిమ్ము" అని యడిగినప్పుడు మనము ఏమి చెప్పవలయును? ఆ చిప్పనగా నేమి? అది తప్ప వేఱు మార్గము లేదా? అట్లు చేయుట న్యాయమా, దొంగతనమా? ఈ ప్రశ్నలకు సమాధాన మెఱుగని పెద్ద కోపముతో కాదనుటయో, గారాబముతో ఔననుటయో తప్ప మఱియొకటి చేయజాలడు. తెలిసి చెప్పిన మాటకు బాలుడైనను తలయొగ్గును. కావున ఈ విషయమును మీకు మనవి చేయుచున్నాను.

మొదట నకలును గూర్చి ఒక మాట. మన దేశమున ప్రతి వ్రాయుట నింద్యమని యెవ్వరును తలపలేదు. తాళపత్రమునకు ఆయువు పరిమితము. చెద, తేమ, నిప్పు ఈ మూడును దానికి శత్రువులు. ఒక తరమువారు ప్రతి వ్రాసి యుంచినందుననే తరువాతి తరమునకు గ్రంథము దక్కినది. వ్రాయక మానిన చోట గ్రంథము నశించినది. పందొమ్మిదవ శతాబ్దమున సి.పి. బ్రౌను దొర కడపలో పండితులకు జీతములిచ్చి, తెలుగు తాళపత్రములను సేకరింపించి, వానిని సరిచూపించి, కాగితముపై ప్రతులు వ్రాయించెను. ఆ ప్రతులే లేకున్నచో మన కావ్యములలో కొన్ని నేడు పేరునకు మాత్రమే మిగిలియుండెడివి. కావున ప్రతి యనగానే చౌర్యమని భయపడ బనిలేదు. ఎవరి వస్తువునకు, ఎవరు, ఎందుకు ప్రతి చేయుచున్నారన్నదే విచారింపవలసిన విషయము.

ఇక ఆటపెట్టె. జపాను దేశపు సోనీ సంస్థవారు 1994 డిసెంబరు 3వ తేదీన ప్లేస్టేషన్ అను ఆటయంత్రమును తమ దేశమున విడుదల చేసిరి. 1995లో అది అమెరికా, ఐరోపాలకు వెళ్ళెను. 2000 మార్చిలో ప్లేస్టేషన్ 2 వెలువడెను. ఈ రెండవ యంత్రము లోకమంతటను 15 కోట్లకు మించి అమ్ముడుపోయినది. మన దేశమునను పెక్కు ఇండ్లలో ప్రవేశించినది. 2013తో దాని తయారీ నిలిచిపోయెను.

తెలుగువారికి దీనితో ఒక చుట్టఱికము కలదు. 2009లో హైదరాబాదునకు చెందిన ఆరోనా టెక్నాలజీస్ వారు రూపొందించిన "హనుమాన్: బాయ్ వారియర్" అను ఆట ప్లేస్టేషన్ 2 కొఱకు వెలువడెను. ఆ యంత్రమునకు మన దేశముననే తయారైన తొలి ఆటగా అది ప్రసిద్ధి పొందినది. ఆ కాలముననే హైదరాబాదులోని గేమ్‌శాస్త్ర వారు "దేశీ అడ్డా" అను ఆటను రూపొందించిరి. అందు కబడ్డీ, బిళ్ళంగోడు, గాలిపటముల పందెము మొదలగు మన యాటలు కలవు. బిళ్ళంగోడు ఆడి మోకాళ్ళు పగులగొట్టుకొన్న మనకు, అదియే ఆట తెరమీద కనబడుట వింతయే గదా! యంత్రమే తయారగుట మానిన నేడు ఇట్టి ఆటల బిళ్ళలు అంగడిలో క్రొత్తగా దొరకవు. ఉన్న బిళ్ళ చెడినచో ఆ యింటివఱకు ఆ ఆట ముగిసినట్లే. నకలు అవసరము ఇచ్చటనే పుట్టుచున్నది.

బిళ్ళ యెట్లు చెడునో చూతము. సీడీ అనునది పన్నెండు సెంటీమీటర్ల అడ్డుకొలత, ఒక మిల్లీమీటరుకు కొంచెము పైగా మందము గల స్వచ్ఛమైన ప్లాస్టిక్ బిళ్ళ. దానిపై కంటికి కానరాని సన్నని గుంటలు చుట్టచుట్టగా నుండును. వానిపై తళతళలాడు లోహపుపూత, దానిపై లక్క వంటి పలుచని పొర, ఆ పైని పేరు అచ్చువేసిన రంగు. యంత్రమందలి లేజరు కిరణము అడుగునుండి ప్లాస్టిక్ గుండ పోయి ఆ గుంటలను చదువును. మనవారు అడుగు ప్రక్కను మాత్రము జాగ్రత్తగా చూచి, పేరున్న ప్రక్కను బల్లమీద ఈడ్చుచుందురు. ఇది విపరీతము. అడుగున పడిన కొలదిపాటి గీతను మెఱుగుపెట్టి పోగొట్టవచ్చును. పేరున్న ప్రక్క లోతుగా గీచినచో లోహపుపూతయే లేచిపోవును; ఇక దానికి మందులేదు. డీవీడీలో ఈ పూత రెండు ప్లాస్టిక్ పలకల నడుమ నుండుటచే ఆ ప్రక్కనుండి కొంత రక్షణ కలదు. కావున బిళ్ళను అంచులు పట్టి తీయవలయును. పెట్టెలో నిలువుగా నుంచవలయును. తుడుచునప్పుడు గుండ్రముగా గాక, నడిమినుండి అంచునకు తిన్నగా తుడువవలయును. ఇంతమాత్రము నేర్పినచో సగము నకళ్ళ యవసరము తీఱును.

ఇక తాళము సంగతి. సీడీని సీడీగా ప్రతి చేయుట కష్టము కాదు. కాని ఆ ప్రతిని ప్లేస్టేషన్ అంగీకరింపదు. ఏలన, కార్ఖానాలో అచ్చువేసిన అసలుబిళ్ళ లోపలి యంచున, ఆట మొదలగు చోటికి ముందే, గుంటల వరుస సన్నగా అటునిటు ఊగుచు సాగును. ఆ యూగుటలో నాలుగక్షరముల సంకేత మిమిడియుండును. జపాను బిళ్ళకు ఎస్‌సీఈఐ, అమెరికా బిళ్ళకు ఎస్‌సీఈఏ, ఐరోపా బిళ్ళకు ఎస్‌సీఈఈ. యంత్రము ముందుగా ఈ సంకేతమును చదివి, అది తన ప్రాంతపుదే యైనచో బిళ్ళను లోనికి రానిచ్చును. మనము ఇంటిలో వ్రాయు ఖాళీబిళ్ళకు ఊగెడు గాడి ముందే కార్ఖానాలో ఏర్పడి యుండును గనుక, వ్రాయు యంత్రము దానిని మార్చజాలదు. ఆటయంతయు అక్షరము పొల్లుపోక ప్రతిలో నున్నను, ద్వారపాలకు డడుగు రహస్యపదము మాత్రము దానియందు లేదు. ఈ తాళము నకలునే గాక, జపానులో న్యాయముగా రూకలిచ్చి కొన్న బిళ్ళను అమెరికా యంత్రములో ఆడకుండను అడ్డగించును. ఈ సంగతి మఱువరాదు. న్యాయవిచారణలో దీనికి పని కలదు.

ఈ ద్వారపాలకుని దాటుటకు నాలుగు మార్గము లేర్పడినవి. ఒక్కొక్కటిగా చెప్పెదను.

మొదటిది మార్పిడి మార్గము. మొదటి ప్లేస్టేషన్‌లో మూత మూసినదీ లేనిదీ తెలుపు చిన్న మీట యొకటి కలదు. దానిని ఏ పుల్లతోనో అదిమియుంచి, మూత తెఱచియుండగనే మూసినట్లు యంత్రమును నమ్మింతురు. పిమ్మట అసలుబిళ్ళను పెట్టుదురు. యంత్రము సంకేతమును చదివి తృప్తినొందిన క్షణమున, ఆ బిళ్ళను చటుక్కున తీసి నకలును పెట్టుదురు. దీనికి వ్యయము లేదు; టంకము లేదు. కాని తిరుగుచున్న బిళ్ళను చేతితో లాగుటచే బిళ్ళకు గీతలు, మోటారునకు దెబ్బ కలుగును. కాపాడదలచిన అసలుబిళ్ళయే ఈ పనికి బలియగును. రెండవ యంత్రమునకై ఈ పద్ధతినే కొంత సంస్కరించి, స్వాప్ మ్యాజిక్ అను ప్రత్యేకపు బిళ్ళను అమ్మిరి. అది తిరుగుటను తానే ఆపి మార్పిడికి అవకాశ మిచ్చును. కాని పళ్ళెమును యంత్రమునకు తెలియకుండ బయటికి లాగుటకు సన్నని రేకు వంటి పనిముట్టును, నేర్పును వలయును. బాలుర చేతికి ఈ మార్గము తగదు.

రెండవది చిప్పు మార్గము. గోరంత చిప్పును యంత్రపు పలకకు కొన్ని సన్నని తీగలతో టంకము వేసి అతికింతురు. బిళ్ళనుండి రావలసిన ఆ నాలుగక్షరములను ఈ చిప్పే యంత్రము చెవిలో మాటిమాటికి జపించును. ద్వారపాలకుడు వినుచున్నది అసలుబిళ్ళ మాటయే యని భ్రమపడును. తొలినాటి చిప్పులు ఎడతెగక జపించెడివి. దీనిని కనిపెట్టిన ఆటకర్తలు, సంకేతము వినరాని వేళ కూడ వినబడినచో ఆట నిలిచిపోవునట్లు తరువాతి బిళ్ళలలో ఏర్పాటు చేసిరి. అంతట చిప్పులవారు, ఆట మొదలగువఱకు మాత్రమే జపించి పిమ్మట మౌనము వహించు చిప్పులను చేసిరి. ఎత్తునకు పైయెత్తు అనుమాట ఇచ్చట అక్షరాల నిజమైనది. ఈ మార్గమున సుఖమేమనగా, ఒకసారి పని పూర్తియైన తరువాత ఆడువానికి ఏ యవస్థయు లేదు. బిళ్ళ పెట్టి ఆడుకొనుటయే. దోషమేమనగా, పెట్టె విప్పవలయును. వేడి కడ్డీతో వెండ్రుకవాసి చోటున టంకము పడవలయును. చేయి వణికినచో పలక కాలి యంత్రమే మూలబడును. రెండవ యంత్రములో తీగల సంఖ్య మిక్కిలి హెచ్చుటచే అపాయమును హెచ్చినది. ఒకప్పుడు మన పట్టణములలో క్రొత్తయంత్రమునకే చిప్పు వేసి యమ్ము వాడుక యుండెను. నేడు అట్టి చేయితిరిగిన పనివాండ్రు దొరకుట అరుదు. ఒక్క బిళ్ళకొఱకు చిప్పు వేయించుట కొండను త్రవ్వి యెలుకను పట్టుటయే.

మూడవది మెమరీకార్డు మార్గము. ఆడువాడు ఆగినచోటు జ్ఞాపక ముంచుకొనుటకై యంత్రమునకు చిన్న కార్డు నొకదానిని తగిలింతురు. ప్లేస్టేషన్ 2, తన్ను మేల్కొలిపినంతనే, తనకు క్రొత్త యుత్తరువు లేవైన ఆ కార్డులో కలవేమో యని చూచుకొనును. ఈ మర్యాదను ఆధారము చేసికొని 2008లో ఫ్రీ మెక్‌బూట్ అను ప్రోగ్రామును కొందఱు రచించిరి. కార్డులో దానిని ఉంచినచో యంత్రము మొదట దానినే చదివి, దాని మాట వినును. అంతట నకలు డీవీడీకి సినిమాబిళ్ళ వేషము వేసి ఆడించు సాధనములు మొదలగునవి పనిచేయును. పెట్టె విప్ప బనిలేదు, టంకము లేదు. కార్డు తీసివేసినచో యంత్రము ఎప్పటివలెనే యుండును. లోపము లేవనగా, కార్డును సిద్ధపఱచుటకు ముందే సిద్ధమైన మఱియొక యంత్రమో, వేఱు సాధనమో వలయును. మఱియు కట్టకడపట తయారైన యంత్రములలో ఈ ద్వారమును సోనీవారు మూసివేసిరి. అట్టివానికై 2020లో ఫ్రీ డీవీడీ బూట్ అను ఉపాయము వెలువడెను. సినిమా చూపు భాగములోని లోపము నాధారముగా గొని, ఇంటిలో వ్రాసిన బిళ్ళతోనే యంత్రమును లొంగదీయు పద్ధతి యిది. మొదటి ప్లేస్టేషన్ సంగతి మఱింత వింత. 1994లో పుట్టిన యంత్రమునకు 2021లో, అనగా ఇరువదియేడు సంవత్సరముల పిమ్మట, టోనీహ్యాక్స్ అనియు, ఫ్రీ పీఎస్ఎక్స్ బూట్ అనియు కార్డు మార్గములు కనుగొనబడినవి. పాతయింటి తాళమునకు మనుమని కాలమున చెవి దొరికినట్లైనది.

నాలుగవది బిళ్ళనే వదలివేయు మార్గము. ఆటను బిళ్ళనుండి ఎత్తి హార్డుడిస్కులోనో, పెన్‌డ్రైవులోనో ఉంచి యచ్చటినుండి ఆడుట. ప్లేస్టేషన్ 2 లావుపాటి యంత్రములో హార్డుడిస్కునకు చోటు కలదు. ఓపెన్ పీఎస్2 లోడర్ అను ప్రోగ్రాము దీనికి తోడ్పడును. పెన్‌డ్రైవు సులభమేగాని, ఆ యంత్రపు యూఎస్‌బీ ద్వారము పాతకాలపుది, మెల్లగా చదువును, ఆట నడుమ వచ్చు చలనచిత్రములు తడబడును. మొదటి ప్లేస్టేషన్‌లో బిళ్ళ తిరుగు భాగమునే ఊడదీసి, దానికి మాఱుగా ఎస్డీకార్డు పలకను పెట్టు సాధనము ఎక్స్‌స్టేషన్ అను పేరుతో 2020లో వచ్చెను. దీనికి వ్యయమధికము, టంకపు పనియు కలదు. కాని తిరుగు మోటారు లేదు, అరుగు కటకము లేదు.

ఈ కడపటి మాట ముఖ్యమైనది. నకలుబిళ్ళలో అచ్చువేసిన గుంటలు లేవు. వానికి మాఱుగా లేజరుతో కాల్చిన రంగుపూత యుండును. అది కిరణమును అసలుబిళ్ళ యంత బాగుగా తిప్పికొట్టదు. ఇరువది, ముప్పది యేండ్లు పనిచేసి కన్ను మందగించిన యంత్రమునకు ఆ మసకవ్రాత చదువుట కష్టము. కొందఱు లోపలి మరను త్రిప్పి లేజరు బలమును పెంచుదురు. అది కన్ను మందగించిన ముసలివానిని మండుటెండలో చదివించుట వంటిది. కొన్నినాళ్ళు చదివి, పిమ్మట ఆ చూపును పూర్తిగా పోవును. కావున పాత యంత్రమునకు నకలుబిళ్ళకంటె నాలుగవ మార్గమే ఆరోగ్యకరము.

ఇక నాల్గింటిని తూచి చెప్పెదను. వ్యయము చూచినచో మార్పిడికి ఏమియు లేదు, కార్డునకు స్వల్పము, చిప్పునకు కూలి, నాలుగవదానికి హెచ్చు. అపాయము చూచినచో కార్డు నిరపాయము, చిప్పు అపాయకరము, మార్పిడి బిళ్ళకే చేటు. మరల పూర్వస్థితికి తెచ్చుట చూచినచో కార్డు తీసినంతనే సరి; చిప్పు ఊడ్చుట వేయుటకంటె కష్టము. కావున ప్లేస్టేషన్ 2 కలవాడు మొదట కార్డును, చోటున్నచో దానితో హార్డుడిస్కును ఆశ్రయించుట మేలు. మొదటి ప్లేస్టేషన్ కలవాడు కార్డు మార్గమును ముందు పరీక్షించి, కటకము చెడినప్పుడే నాలుగవదానిని తలపెట్టవలయును. చిప్పు నేడు కడపటి మాట. ఇదంతయు తయారీ నిలిచిన యంత్రములను గూర్చియే. ఇంటర్నెట్టుతో ముడిపడిన క్రొత్త యంత్రముల జోలికి పోరాదు. 2009లో మైక్రోసాఫ్ట్ వారు మార్పుచేసిన ఎక్స్‌బాక్స్ యంత్రములు పెక్కింటిని తమ ఆటసేవనుండి బహిష్కరించిరి. అట్లు బహిష్కృతమైన యంత్రమును తిరిగి కులములో చేర్చుకొనువారు లేరు.

ప్రతి చేయు విధమును గూర్చి పండితుల వాడుక యొకటి ఇచ్చట పనికివచ్చును. ప్రతి వ్రాసినంతమాత్రమున పని ముగియదు, మూలముతో సరిచూడవలయును. సరిచూడని ప్రతి తప్పులకు పుట్టినిల్లు. ఇచ్చటను బిళ్ళను కంప్యూటరులో రెండుమాఱులు చదివించి, రెండు చదువులును ఒకటియేనా యని ప్రోగ్రాముచేత పోల్పింపవలయును. ఒక్క అక్షరము భేదించినను ఆ పోలిక తెలుపును. సరియైన చదువును రెండు వేఱువేఱు తావులలో భద్రపఱపవలయును. బిళ్ళ చెడకమున్నే ఈ పని చేయవలయును గాని చెడిన పిమ్మట గాదు.

ఇక న్యాయము. మన 1957 నాటి కాపీరైటు చట్టము 52వ సెక్షను ప్రకారము, కంప్యూటరు ప్రోగ్రాము ప్రతిని న్యాయముగా పొందినవాడు, అది పోయినను చెడినను పనికివచ్చునట్లు రక్షణకై ప్రతి చేసికొనవచ్చును. ఆటలో ప్రోగ్రామేగాక బొమ్మలు, సంగీతమును ఉండుటచే, ఈ మినహాయింపు మొత్తమునకు చెల్లునా యని న్యాయవాదులు వాదింపవచ్చును. 2012లో చేర్చిన 65ఏ సెక్షను, హక్కులను భంగపఱచు ఉద్దేశముతో రక్షణతాళమును తప్పించువానికి రెండేండ్లవఱకు చెఱయు, జరిమానాయు విధించుచున్నది. ఒరునికి ఆ పని చేసిపెట్టువాడు, చేయించుకొన్నవాని పేరు, చిరునామా, ప్రయోజనము మొదలగు వివరములను లిఖించి యుంచవలయునని కూడ అందే కలదు. మన చట్టము ఉద్దేశమును చూచుచున్నదని గ్రహింపుడు. ఇతర దేశముల తీరు వేఱు. అమెరికాలో 1998 నాటి చట్టము తాళమును తప్పించుటనే సామాన్యముగా నిషేధించినది. ఇంగ్లాండు న్యాయస్థానములు 2002లోను, 2004లోను చిప్పు వ్యాపారులకు ప్రతికూలముగా తీర్పు చెప్పినవి. ఆస్ట్రేలియా ఉన్నతన్యాయస్థానము మాత్రము 2005లో, ప్లేస్టేషన్ తాళము చట్టము చెప్పిన రక్షణసాధనము కాదని చిప్పు వేసినవాని పక్షమున తీర్చినది. నకలుచేయుటను అది ఆపుట లేదు, చేసిన నకలును ఆడకుండ మాత్రమే ఆపుచున్నదని కారణము. పిమ్మట 2006లో అచ్చటి చట్టమునే మార్చిరి. సముద్రములు దాటి యున్న మనుమలు కల పెద్దలు ఈ భేదమును గుర్తుంచుకొనవలయును. ఇచ్చట వాదమునకు చోటున్న పని అచ్చట నేరమే కావచ్చును.

చట్టమునకు మించి ధర్మము కలదు. తాను కొన్న బిళ్ళకు తన యింటిలో తన కొఱకు ప్రతి చేసికొనుట, గాదెలో విత్తనములు దాచుకొనుట వంటిది. సంతలో వందరూపాయలకు పది ఆటల నకళ్ళు కొనుట పొరుగువాని చేనిలో కోసికొనుట వంటిది. పైకి రెండును బిళ్ళలే, రెండును ఒక చిప్పుతోనే ఆడును. అందుచే బాలునకు భేదము తెలియదు. తెలుపవలసినవారము మనమే. హైదరాబాదులో కూర్చుండి హనుమంతుని తెరమీద ఎగురజేసినవారును శ్రమజీవులే. వారి కూలి వారికి చెందవలయును. అట్లే, అమ్ముట మానివేసిన ఆటను కాపాడుకొనువానిని దొంగ యని తిట్టుటయు అన్యాయము. ప్రతులు లేకున్నచో ఆ పనివారి శ్రమయే రేపు ఆనవాలు లేక పోవును.

కావున మనుమడు అడిగినప్పుడు మీరు మూడు ప్రశ్నలు వేయుడు. "అసలుబిళ్ళ మన యింటిలో కలదా? దానికి ప్రతి చేయుచున్నది కాపాడుటకా, పంచుటకా? పెట్టె విప్పకుండ సాగు మార్గమును చూచితివా?" మూటికిని సరియైన జవాబు వచ్చినచో సంశయింపక రూకలిండు. అసలుబిళ్ళ యెవరికైన ఇచ్చివేసిననాడు దాని ప్రతిని కూడ చెఱిపివేయవలయునని చెప్పుడు. జవాబు తడబడినచో, "ముందు అసలు కొనుము, పిమ్మట నకలు మాట చూతము" అనుడు. ఆ పిదప వీలైనచో ఒక సాయంకాలము వానిని పిలిచి నిజమైన బిళ్ళంగోడు నేర్పుడు. దానికి తాళము లేదు, చిప్పు లేదు. చింతకొమ్మ యొకటి చాలును.